రొయ్యల గుంటల బ్లాగుకు యాడ్‌సెన్స్: వాడుతున్న మనిషిగా నా మాట

మన బ్లాగులో ప్రకటనలు వేసి, వచ్చిన డబ్బులో మనకు వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ గురించి తెలుగులో వచ్చే రాతల్లో ఎక్కువ భాగం "ఇంట్లో కూర్చుని నెలకు లక్ష" అనే మాటతో మొదలవుతాయి. నేను చెప్పేది వేరే. నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో, ఇందుకూరుపేట దగ్గర మాకో చిన్న ల్యాబు ఉంది. రొయ్యల గుంటల నీళ్లు, మట్టి, గుంటలో వేసే రొయ్య పిల్ల పరీక్ష చేస్తాం. రైతులు రోజూ అడిగే ప్రశ్నలకే జవాబులు తెలుగులో రాసి బ్లాగులో పెడుతుంటా. పీహెచ్ పొద్దున ఎంత ఉండాలి, సాయంత్రానికి ఎంత పెరగొచ్చు, చెక్ ట్రేలో (రొయ్య ఎంత తిందో చూసే పళ్లెం) మేత మిగిలితే ఏం చేయాలి, వైట్ గట్ (రొయ్య పేగు తెల్లబడే జబ్బు) కనిపిస్తే ముందు ఏది ఆపాలి, ఇలాంటివి. ఆ పేజీల్లో కొన్నేళ్లుగా యాడ్‌సెన్స్ ప్రకటనలు నడుస్తున్నాయి.

నా తీర్పు ముందే చెప్పేస్తా. డబ్బు తక్కువ. వచ్చేది మాత్రం చెప్పిన తారీకుకు వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, దీనివల్ల నా రాతలో ఎవరూ వేలు పెట్టరు. ఈ మూడోదాని కోసమే నేను దీన్ని వదలడం లేదు.

ముందు డబ్బు సంగతి. యాడ్‌సెన్స్ 2003లో మొదలైంది. తెలుగు పేజీలను అధికారికంగా తీసుకోవడం 2018లో వచ్చింది. మన పేజీలో ఒక చోటు వదులుతాం. పాఠకుడు పేజీ తెరిచిన క్షణంలోనే ఆ చోటు కోసం ప్రకటనదారుల మధ్య వేలం జరుగుతుంది. ఎక్కువ పాడినవాళ్ల ప్రకటన అక్కడ పడుతుంది. ఒకప్పుడు ఎక్కువగా ఎవరైనా ప్రకటన నొక్కితేనే డబ్బులొచ్చేవి. 2024 నుంచి ప్రకటన కనబడిన లెక్కన ఇస్తున్నారు. ప్రకటనదారుడి తరఫున కొనే వేదిక తన రుసుము తీసుకున్నాక, మిగిలినదాంట్లో 80 శాతం మనది. గూగుల్ సొంత ప్రకటనల వేదిక నుంచి వచ్చిన డబ్బు అయితే మొత్తం మీద మనకు దక్కేది సుమారు 68 శాతం. వాటా విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

అసలు ఇబ్బంది వేలంలో ఉంది. రొయ్యల పేజీలో రొయ్యల మేత కంపెనీ ప్రకటన వస్తుందని ఎవరైనా అనుకుంటారు. రాదు, వచ్చినా ఎప్పుడో ఒకసారి. ఎందుకంటే మన దగ్గర మేత కంపెనీ, మందుల కంపెనీ, ఏరియేటర్ల (గుంట నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) కంపెనీ రైతును చేరుకునే దారి వేరు. డీలరు ఉన్నాడు, ఊళ్లో మీటింగు పెట్టి భోజనం పెడతారు, క్యాలెండర్ ఇస్తారు, టెక్నీషియన్‌ని గుంట గట్టు మీదికే పంపుతారు. వాళ్లకు ఇంటర్నెట్‌లో వేలం పాడాల్సిన అవసరం పెద్దగా లేదు. అందుకని నా పేజీలో పడేవి ఫోన్లు, బీమా, కోచింగులు, ఆన్‌లైన్ షాపింగ్. ఇవి రొయ్యలను చూసి రావు, చదివే మనిషిని చూసి వస్తాయి. అతను ఏ ఊళ్లో ఉన్నాడు, ఏ ఫోన్ వాడుతున్నాడు, ఇంతకుముందు ఏం వెతికాడు, వీటిని బట్టి ధర పలుకుతుంది.

దీనికి వాళ్లు పెట్టిన కొలత ఆర్‌పీఎం. వెయ్యి పేజీ వ్యూలకు ఎంత వచ్చిందనేదే అది. నా బ్లాగులో ఇక్కడి పాఠకుల వరకు అది అర డాలరు, బాగున్న నెలల్లో డాలరు. అమెరికా నుంచి చదివేవాళ్ల దగ్గర దానికి కొన్ని రెట్లు. మన వైపు పిల్లలు అక్కడ ఉద్యోగాల్లో ఉంటారు, ఇక్కడ నాన్న గుంటలు చూస్తుంటాడు. నాన్న ఫోన్లో "రొయ్య తేలతా ఉంది రా" అనగానే వాళ్లు అక్కడ వెతుకుతారు. అలాంటి పాఠకులు తక్కువే అయినా నెల లెక్కలో వాళ్ల భాగం కంటికి కనిపిస్తుంది.

ఇప్పుడు కూర్చుని గుణించండి. వెయ్యి వ్యూలకు అర డాలరు అనుకుంటే, నెలకు 40 వేల వ్యూలు వచ్చే బ్లాగుకు 20 డాలర్లు. యాడ్‌సెన్స్ 100 డాలర్లు నిండితేనే పంపుతుంది. అంటే ఐదు నెలలకు ఒకసారి డబ్బు. 100 డాలర్లకు 2 లక్షల వ్యూలు కావాలి. తెలుగులో, అదీ ఒక్క వృత్తి గురించి రాసే బ్లాగుకు 40 వేలు తేవడమే గట్టి పని. ఈ లెక్క తెలిసి దిగితే నిరాశ ఉండదు. కోర్సులు అమ్మేవాళ్లు ఈ గుణకారం చెప్పకుండా పిల్లల దగ్గర వేలకు వేలు వసూలు చేస్తున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

సీజన్ కూడా చూసుకోవాలి. నెల్లూరు జిల్లాకు పెద్ద వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఆ వానకు గుంటలో ఉప్పుశాతం పడిపోతుంది, నీళ్లు చల్లబడతాయి. వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు చెలరేగేది కూడా చల్లటి రోజుల్లోనే. రైతులు నిద్రపోకుండా వెతుకుతారు, నా పేజీలకు వ్యూలు ఒక్కసారిగా పెరుగుతాయి. దసరా దీపావళి అమ్మకాలకు కంపెనీలు ప్రకటనల ధరలు పెంచేదీ దాదాపు ఆ నెలల్లోనే. కాబట్టి నా ఏడాది ఆదాయంలో పెద్ద ముక్క ఆ కాలానిదే. జనవరి వచ్చేసరికి ధరలు దిగిపోతాయి. 2025లో అమెరికా సుంకాలు పెరిగి ఆగస్టు చివరికి 50 శాతానికి చేరినప్పుడు కౌంట్ రేట్లు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన పలికే ధరలు) పడిపోతాయన్న భయంతో జనం విపరీతంగా వెతికారు. వ్యూలు పెరిగాయి కానీ వేలంలో ధర ఏమీ పెరగలేదు. పాఠకుల సంఖ్యకూ డబ్బుకూ నేరుగా ముడి లేదని ఆ రోజుల్లో నా కళ్లతో చూశా.

ఇక ప్రకటనలు ఎక్కడ పెట్టాలన్నది. మామూలుగా అందరూ "ఆటో యాడ్స్ పెట్టేయండి, అదే చూసుకుంటుంది" అంటారు. నేను అలా వదిలెయ్యను. నా పాఠకుడు ఎక్కడుండి చదువుతున్నాడో నాకు తెలుసు గనుక.

గుంటలో ప్రాణవాయువు బాగా తగ్గేది తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు. రాత్రంతా నాచు, రొయ్య, అడుగు బురద అన్నీ కలిసి ఆక్సిజన్ వాడేస్తాయి. మూడు, నాలుగు గంటల వేళ రొయ్య పైకి వచ్చి గట్టు వారగా చేరుతుంది. రైతు ఒక చేత్తో టార్చి పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీసి వెతుకుతాడు. చేతులు తడిగా ఉంటాయి. సముద్రం పక్క ఊళ్లలో సిగ్నల్ ఒకటో రెండో గీతలు. ఆ మనిషికి నా పేజీ తెరుచుకోగానే మొదట కనిపించాల్సింది నాలుగు మాటలు: ఉన్న ఏరియేటర్లన్నీ ఆన్ చెయ్యి, పొద్దున మేత ఆపు, ఆక్సిజన్ గుళికలు ఉంటే రొయ్య గుంపుగా ఉన్నచోట చల్లు, మంచి నీళ్లు దొరికితే పెట్టు. ఆ నాలుగు మాటల మీద ఫోన్ బొమ్మ వచ్చి కూర్చుంటే ఎంత నష్టమో రొయ్య వేసిన ఎవరినైనా అడగండి.

అందుకే అత్యవసర పేజీలు, అంటే ఆక్సిజన్ పడిపోవడం, ఒక్కసారిగా రొయ్య చావడం లాంటివాటిలో ప్రకటనలే లేవు. యాడ్‌సెన్స్ ఆటో యాడ్స్‌లో ఫలానా పేజీలను మినహాయించే వీలుంది. ఆ పేజీల అడ్రసులు అందులో ఇచ్చేస్తే సరిపోతుంది. తెర మొత్తాన్ని కమ్మే ప్రకటనలు, కింద అంచుకు అతుక్కుని ఉండే ప్రకటనలు మొత్తం బ్లాగులోనే ఆపేశా. మిగిలిన పేజీల్లో రెండు పేరాల తర్వాత ఒకటి, చివర ఒకటి, అంతే. దీనివల్ల ఆదాయం తగ్గింది, అది తెలిసే చేశా. ఇలా ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చినందుకు యాడ్‌సెన్స్‌కు నా దగ్గర మంచి మార్కులు పడతాయి. ప్రతి స్విచ్చీ మన చేతిలోనే ఉంటుంది, వెతుక్కునే ఓపిక కావాలి.

ఈ స్వేచ్ఛ విలువ తెలియాలంటే ఇంకో నెట్‌వర్క్ గురించి చెప్పాలి. పేరు అనవసరం. "ఒక్క లైను కోడ్ పెట్టండి, యాడ్‌సెన్స్‌కు మూడింతలు ఇస్తాం" అని వాళ్లే మెయిల్ పెట్టారు. జూదం ప్రకటనలు రాకూడదని ముందే అడిగాను. రావని రాసిచ్చారు. పెట్టిన కొద్ది రోజులకే గంగపట్నం రైతు ఒకాయన నీళ్ల సీసాతో పాటు ఫోన్ కూడా ల్యాబు బల్ల మీద పెట్టాడు.

"అమ్మాయ్, నీ పేజీలో యాడ నొక్కినా పేకాట వస్తా ఉందే, ఏందిది?"

నేను తీసుకుని చూశా. అల్కలినిటీ (నీటి క్షారత) గురించి రాసిన పేజీ. పట్టిక పెద్దది చేద్దామని వేలు పెట్టగానే కొత్త పేజీ తెరుచుకుని రంగురంగుల చక్రం తిరుగుతోంది, కింద "ఇప్పుడే చేరితే బోనస్" అని తెలుగులోనే రాసుంది. ఆయన పక్కన డిగ్రీ చదివే కొడుకు నిలబడి ఉన్నాడు. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది. అయినా బయటి దేశాల నుంచి నడిచే సైట్లు ఇలా దొడ్డిదారిన ఊళ్లలోకి వస్తూనే ఉన్నాయి. పంట పోయి అప్పుల్లో ఉన్న మనిషికి "ఒక్క ఆటతో తీరిపోద్ది" అని ఎవరైనా చెవిలో చెబితే ఏమవుతుందో మా వైపు ఊళ్లలో అందరికీ తెలుసు. ఆ కోడ్ అప్పటికప్పుడే తీసేయించా. వాళ్ల దగ్గర నాకు రావాల్సిన డబ్బు ఇప్పటికీ రాలేదు. దాని కోసం నేను వెంటపడనూ లేదు.

యాడ్‌సెన్స్‌లో ఈ కాపలా మన చేతికిచ్చారు. బ్లాకింగ్ కంట్రోల్స్ అనే చోట ప్రకటనల రకాలు వరసగా ఉంటాయి. త్వరగా ధనవంతులయ్యే పథకాలు, డేటింగ్, జాతకాలు, బరువు తగ్గించే మందులు, ఇలా. ఒక్కోదాని పక్కన అది మన ఆదాయంలో ఎంత శాతమో కనిపిస్తుంది. అది చూసి వెనకాడకుండా స్విచ్చి ఆపేయడమే మనం చేయాల్సింది. ఫలానా ప్రకటనదారు వద్దనుకుంటే ఆ సైటు అడ్రసు ఇచ్చి ఆపొచ్చు. యాడ్ రివ్యూ సెంటర్‌లో మన పేజీల్లో పడిన ప్రకటనల బొమ్మలు చూసి ఒక్కోటి తీసేయొచ్చు. నేను అప్పుల యాప్‌లను ఇలాగే ఏరిపారేస్తుంటా. వారానికి ఒకసారి కూర్చోవాలి. కాఫీ తాగేలోపు అయిపోతుంది.

పైన మూడోదే ముఖ్యం, నా రాతలో ఎవరూ వేలు పెట్టరు అన్నాను కదా, అది ఇదే. ఆక్వా రంగంలో తెలుగులో దొరికే సమాచారంలో చాలా భాగం ఏదో ఒక మందు అమ్మేవాళ్లు రాసిందే. ఏ కరపత్రం తిప్పి చూసినా చివర ఒక డబ్బా బొమ్మ ఉంటుంది. ఒకరోజు ఒక కంపెనీ ప్రతినిధి ల్యాబుకు వచ్చి, ఈహెచ్‌పీ (రొయ్య ఎదుగుదలను దెబ్బతీసే సూక్ష్మజీవి జబ్బు) మీద నేను రాసిన పేజీ తెరిచి చూపించి, "మేడమ్, చాలా బాగా రాశారు, మా ప్రోడక్ట్ పేరు ఒక్క లైను చేర్చండి చాలు, నెలనెలా ఇస్తాం" అన్నాడు. అతను చెప్పిన మొత్తం యాడ్‌సెన్స్ ఇచ్చేదానికన్నా చాలా ఎక్కువ. కానీ ఆ పేజీలో నేను రాసింది ఏమిటంటే, ఈహెచ్‌పీ తగులుకున్నాక దాన్ని ఖాయంగా తగ్గించే మందు ఇప్పటిదాకా లేదని, పిల్ల వేసేముందే పీసీఆర్ పరీక్ష చేయించుకోవాలని, పంట తీశాక గుంట అడుగు బాగా ఎండబెట్టి సున్నం వేయాలని. దాని కిందే "ఈ మందు వాడండి" అని ఎలా రాస్తాను? అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, కుదరదని చెప్పి పంపించా.

ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. రొయ్య మందుల్లో అబద్ధం చాలా దూరం పోతుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ జాతి యాంటీబయాటిక్ మందులు రొయ్యల సాగులో నిషేధం. వాటి ఆనవాలు దొరికితే యూరప్, అమెరికా రేవుల్లోనే సరుకు తిరగ్గొడతారు. డబ్బా మీద పేరు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి ఉండే మందును నా మాట నమ్మి రైతు గుంటలో పోస్తే దాని బరువు నేను మోయలేను. యాడ్‌సెన్స్‌లో ప్రకటన ఇచ్చేవాడికి నేనెవరో తెలియదు, వాడెవడో నాకు తెలియదు. ఫోన్ చేసి "ఆ పేరా తీసెయ్యండి" అని అడిగేవాడు లేడు. ఆ దూరం కోసం తక్కువ డబ్బుకు నేను ఒప్పుకున్నా.

ఇక దరఖాస్తు, పిన్, బ్యాంకు. వయసు 18 నిండాలి. బ్లాగులో సొంత రాతలు ఉండాలి. ఎవరిదో తెచ్చి అతికిస్తే, లేదా మూడు నాలుగు లైన్ల పేజీలు ఉంటే విలువ తక్కువన్న కారణం చూపించి తిప్పి పంపుతారు. గోప్యత విధానం పేజీ తప్పనిసరి. ఖాతాలో 10 డాలర్లు చేరాక ఆరంకెల పిన్ ఉన్న చిన్న తెల్ల కవరు ఇంటి అడ్రసుకు పంపుతారు. మూడు వైపులా చిల్లుల గీత చింపితే లోపల అంకెలుంటాయి. అది మామూలు పోస్టులో వస్తుంది, ఎక్కడుందో చూసుకునే నంబరు ఉండదు, రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. పల్లెల్లో ఉండేవాళ్లు అడ్రసులో ఇంటి నంబరుతో పాటు బ్రాంచి పోస్టాఫీసు పేరు, మండలం కూడా రాయండి. పోస్టుమ్యాన్‌కు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. చూడ్డానికి అది ప్రచార కాగితంలా ఉంటుంది, పక్కన పడేసే ప్రమాదం ఉంది. నాలుగు నెలల్లో పిన్ ఎక్కించకపోతే ప్రకటనలు ఆగిపోతాయి. రాకపోతే మళ్లీ అడిగి తెప్పించుకోవచ్చు.

పేరు విషయంలో మనవాళ్లు తప్పక చూసుకోవాల్సింది ఒకటుంది. మనకు ఇంటిపేరు ముందుంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో మొత్తం ఉంటుంది. యాడ్‌సెన్స్‌లో పేరు బ్యాంకు ఖాతాలో ఉన్నట్టే ఇవ్వండి. డబ్బు విదేశీ చెల్లింపుగా వస్తుంది గనుక బ్రాంచికి స్విఫ్ట్ కోడ్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. చిన్న బ్రాంచీలకు ఉండదు, అప్పుడు వాళ్ల పెద్ద బ్రాంచిది ఇస్తారు. మొదటిసారి బ్యాంకువాళ్లు "ఇది దేని డబ్బు?" అని అడుగుతారు. ప్రకటనల సేవల ఆదాయమని, పర్పస్ కోడ్ పి1007 అని చెబితే పని అయిపోతుంది. అంతకుముందు నెల లెక్క తేలాక 21 నుంచి 26 తేదీల మధ్య పంపుతారు. ఆదాయపు పన్ను రిటర్నులో ఈ డబ్బు చూపించాలి, చిన్న మొత్తమే కదా అని వదిలెయ్యకండి.

చుట్టాలకు, స్నేహితులకు ఒక్క మాట గట్టిగా చెప్పి ఉంచండి. మా ల్యాబుకు వచ్చే రైతులు అభిమానంతో, "బ్లాగులో బొమ్మ నొక్కితే నీకు డబ్బులొస్తయ్యంట గదమ్మా, మావాళ్లందరితో నొక్కిస్తాలే" అంటారు. "వద్దు బాబాయ్, మీరు చదవండి చాలు" అని చేతులు పట్టుకుని చెబుతా. మన ప్రకటనలు మనం నొక్కినా, నొక్కమని అడిగినా నియమాలకు విరుద్ధం. ఆ డబ్బు వెనక్కి తీసుకుంటారు, ఖాతా కూడా మూసేస్తారు. వాళ్ల మనసు మంచిదే, అయినా ఆపాల్సిందే.

ఎవరికి పనికొస్తుంది అంటే, చెప్పడానికి తన దగ్గర సరుకు ఉండి, డబ్బు రాకపోయినా రాసేవాళ్లకు. ఒంగోలులో పొగాకు వేలం రేట్ల గురించి రాసేవాళ్లు, చీమకుర్తి గ్రానైట్ పని గురించి తెలిసినవాళ్లు, వెంకటగిరి చీర నేత గురించి లోపలి నుంచి రాయగలవాళ్లు తెలుగులో ఎంతమంది ఉన్నారు? వాళ్లకు యాడ్‌సెన్స్ డొమైన్ ఖర్చు, హోస్టింగ్ ఖర్చు తీర్చి కాస్త మిగిలిస్తుంది. నా దగ్గర మిగిలిన డబ్బుతో ల్యాబుకు టెస్ట్ కిట్ల మందులు కొంటున్నా, చిన్న రైతుల నీళ్లు ఊరికే చూడటానికి. ఉద్యోగం మానేసి దీని మీద బతకాలనుకునే పిల్లలకు మాత్రం వద్దనే చెబుతా. ఐదుకు మూడున్నర ఇస్తా. తగ్గించిన ఒకటిన్నరా తెలుగు పేజీకి పలికే ధర వల్ల.

మొదలుపెట్టాలనుకుంటే ఆగస్టు లోపే దరఖాస్తు పెట్టండి. అనుమతి రావడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టొచ్చు. దసరా ధరలు అందుకోవాలంటే సెప్టెంబరుకల్లా ప్రకటనలు పేజీలో ఉండాలి, అనవసరమైన రకాలన్నీ మొదటి రోజే ఆపి ఉండాలి.